రెండుసార్లు దొరికిన లంక

స్పెయిన్ వెళ్ళొచ్చిన ఆఫీసరుతో జాగ్రత్తగా ఉండాలని నేలపూడి వీరవేణికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆవిడ మాత్రం ఏం చేసేది పాపం! ఆ ఆఫీసరు పొగమంచులోంచి ఊడిపడేసరికి ఆవిడ పొగాకు చేలో నడుం వంచి మొక్కల తలలు తుంచుతోంది. తల తుంచితే ఆకు ఒళ్ళు చేస్తుంది. ఆలస్యమైతే పువ్వు లేస్తుంది, ఆకు పలచబడుతుంది, కొనేవాడు మొహం పక్కకి తిప్పుకుంటాడు. గోదారి మధ్య మేకల్లంకలో ఉన్న ఆ రెండెకరాలే ఆవిడకి తిండీ, బట్టా, నలుగురిలో పరువూను. అందుకని చప్పుడైనా తలెత్తి చూడలేదు.

ఆఫీసరు సంగతి ముందు చెప్పాలి. ఆమధ్య ప్రభుత్వం వారికి ఒక బెంగ పట్టుకుంది. చూసిన చోట్లే చూసి యాత్రికులకి విసుగొచ్చిందట, కొత్త చోట్లు కావాలట. కొత్త చోట్లు ఎక్కడినుంచి వస్తాయి? కనిపెట్టాలి. దానికోసం నూతన ప్రదేశ అన్వేషణ మండలి అని ఒకటి పెట్టారు. కనిపెట్టడం ఎలాగో మనవాళ్ళకి తెలియదు కాబట్టి, ఆ విద్యలో పేరు మోసినవాళ్ళ దగ్గర నేర్చుకు రమ్మని మండలి ముఖ్య అన్వేషణాధికారి పీతాంబరరావు గారిని స్పెయిన్ పంపించారు. ఆయన సతీసమేతంగా వెళ్ళి, అక్కడి రేవులో సముద్రం కేసి వేలు చూపిస్తూ నిలబడ్డ కొలంబస్ విగ్రహాన్ని చూసి పరవశించిపోయి తిరిగొచ్చారు. అది మొదలు ఆయన వేలు కిందకి దిగలేదు. ఆఫీసులో బంట్రోతుని మంచినీళ్ళు తెమ్మన్నా గోడ కేసి వేలు చూపించే చెప్పేవారు.

వచ్చీ రాగానే నియమావళి రాయించారు. గెజిటెడ్ హోదా ఉన్న అధికారి ఎవరైనా ఒక చోట కాలు మోపి, జెండా పాతి, ప్రకటన మూడుసార్లు పైకి చదివితే ఆ చోటు దొరికినట్టు. అందాకా అది లేనట్టే. అక్కడ అప్పటికే జనం ఉంటే? ఆ ప్రశ్న అడిగిన గుమాస్తాని వేరే సెక్షనుకి మార్చేశారు.

మొదటి యాత్రకి చిలకల్లంకని ఎంచుకున్నారు. గోదారి పాయలో అదొక ఇసుక దిబ్బ. మనిషన్నవాడు లేడు, ఫొటోలో తెల్లగా ముత్యంలా కనపడుతుంది. జనవరి నెలలో ఒక తెల్లవారుజామున లాంచీకి పూలదండలు కట్టి బయల్దేరారు. మంచు ఎంత దట్టంగా ఉందంటే, పీతాంబరరావు గారికి తన వేలు తనకే కనపడలేదు.

"ఎడంపక్కకి పోవాలండి," అన్నాడు లాంచీ నడిపే సరంగు నూకరాజు.

"అటు!" అన్నారు పీతాంబరరావు గారు కుడివైపుకి వేలు పెట్టి.

"అటు మేకల్లంకండి. ఇందాకటి నుంచీ మేకలరుస్తున్నాయి, వినపడతన్నాయి కదండీ."

"అన్వేషకుడివి నువ్వా, నేనా?"

"మీరేనండి, ఆయ్," అని నూకరాజు చక్రం కుడికి తిప్పేశాడు. అతనికీ పెళ్ళాం పిల్లలున్నారు.

అలా ముఖ్య అన్వేషణాధికారి వారు నలభై గడపలున్న మేకల్లంకలో, సరిగ్గా వీరవేణి చేలో, కొత్త బూట్లతో దిగారు. వెనకాల జెండా పట్టుకుని గుమాస్తా. ఎదురుగా వీరవేణి, మూడు మేకలు. పీతాంబరరావు గారి కళ్ళు చెమర్చాయి. గట్టు మీద జెండా పాతించి, గొంతు సవరించుకుని మొదలెట్టారు.

"ఇందుమూలముగా ఈ చిలకల్లంక ద్వీపవాసులకు తెలియజేయునది ఏమనగా, మీరు నేటి ఉదయము కనుగొనబడితిరి. ఇంతకు పూర్వము మీరు ఉండియుండినచో అట్టి ఉనికికి మండలి ఎట్టి బాధ్యతయు వహించదు. ఈ ప్రకటన ముమ్మారు చదువబడును. విని మౌనము వహించినచో అంగీకరించినట్లును, మాటలాడినచో స్వాగతము పలికినట్లును పరిగణించబడును."

వీరవేణి నడుం ఎత్తింది. "ఏంటండీ మీరనేది?"

"స్వాగతం రాసుకో," అన్నారాయన గుమాస్తాతో.

"స్వాగతమేంటి నా మొహం! ముందు చేలోంచి బయటికి రండి. బూట్లేసుకుని మొక్కలన్నీ తొక్కేస్తన్నారు."

"ఉత్సాహపూరిత స్వాగతం," అని గుమాస్తా రాసుకున్నాడు.

"అయినా ఇది చిలకల్లంక కాదు బాబూ, మేకల్లంక. చిలకల్లంక అదిగో, అటు. అక్కడ చిలకలూ లేవు, లంకా లేదు. సముద్రం పోటు మీదుంటే మునిగిపోద్ది, పోటు తీస్తే తేలుద్ది."

పీతాంబరరావు గారు జాలిగా నవ్వారు. "అమాయకులు. తాము ఎక్కడున్నదీ తామే ఎరుగరు. కొలంబస్ కాలంలోనూ ఇంతేనట." అని మిగిలిన రెండుసార్లూ చదివేశారు. మేకలు మాత్రం మౌనంగా అంగీకరించాయి.

తరవాత బహుమానాల కార్యక్రమం. అప్పట్లో ఓడలవాళ్ళు కొత్త జనానికి గాజుపూసలు పంచారని టూరులో చెప్పారుగా, ఈయన కూడా బజార్లో కొన్న పూసల పొట్లాలూ, చేతి అద్దాలూ తెచ్చారు. వీరవేణి అద్దంలో చూసుకుని ముక్కు మీదంటిన పొగాకు బంక తుడుచుకుంది. ఇంతలో ఆవిడ మొగుడు అబ్బులు, ఏదో గొడవ జరుగుతోందని విని, నోట్లో చుట్టతో పరిగెత్తుకొచ్చాడు. పీతాంబరరావు గారు అతన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"ద్వీపవాసులు ఒకానొక ఎండుటాకును చుట్టగా చుట్టి, ఒక కొసకు నిప్పంటించి, పొగను పీల్చుట కనుగొనబడినది," అని చెప్పి రాయించారు. ఆయన తాతగారు రోజుకి అరకట్ట చుట్టలు కాల్చి పోయిన మనిషే. అయినా కనిపెట్టడానికి వచ్చినవాడు ఏదో ఒకటి కనిపెట్టకుండా వెళితే బావుండదు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఆ పొగాకు మన నేలలో పుట్టింది కాదు. కొలంబస్ మనుషులు సముద్రం అవతలి ఒడ్డున దిగిన రోజుల్లో అక్కడివాళ్ళు ఇలాగే ఆకు చుట్టి కాలుస్తుంటే చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. తరవాత ఆ ఆకు ఓడలెక్కి, చేతులు మారి, సముద్రాలు దాటి వచ్చి మన లంకల్లో కాపురం పెట్టింది. దాని వెనకాలే మిరపకాయ వచ్చింది, మొక్కజొన్న వచ్చింది, వేరుశనగ, టమాటా, జామ, బొప్పాయి అన్నీ వచ్చి మన వంటింట్లో పుట్టి పెరిగినట్టు కూచున్నాయి. ఇన్ని పెట్టినవాళ్ళకి ఓడలవాళ్ళు తిరిగి ఇచ్చింది మశూచి. ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలినవాళ్ళ నేల ఎవరిదో వాళ్ళని అడక్కుండా కాయితాల్లో రాసేసుకున్నారు. ఈ మొత్తం వ్యవహారం పీతాంబరరావు గారి టూరు నివేదికలో "పరస్పర లాభదాయకమైన మార్పిడి" అని ఒక్క ముక్కలో ఉంది.

సరే, వెర్రిబాగులాయన వచ్చాడు, పూసలిచ్చాడు, పోయాడు అనుకుని వీరవేణి ఆ సంగతి మర్చిపోయింది. జెండా కర్రకి మేకని కట్టేసింది కూడాను.

ఆ నెల రేషను బియ్యం రాలేదు. అబ్బులు పడవేసుకుని ఒడ్డుకెళ్ళి డీలర్ని నిలదీశాడు.

"రాకపోవడమేంటి? చిలకల్లంకలో దింపేసి వచ్చాం కదా," అన్నాడు డీలరు. "మీరంతా ఇప్పుడక్కడే ఉంటున్నట్టు పైనుంచి కాయితం వచ్చింది. సంతకానికి ఒక్కడూ కనపడలేదేంటి?"

"ఎప్పుడు దింపారు?"

"పొద్దున్న, నీళ్ళు తీసినప్పుడు."

మధ్యాహ్నం పోటొచ్చి ఆ బియ్యం చేపలకి చక్కగా అందింది.

దాంతో వీరవేణికి తిక్క రేగింది. మర్నాడే మొగుణ్ణి వెంటబెట్టుకుని మండలి ఆఫీసుకి వెళ్ళింది. పీతాంబరరావు గారు ఆవిణ్ణి చూసి ఎంతో సంతోషించారు. తను కనిపెట్టిన మనిషి కదా మరి. కుర్చీ వేయించారు.

"అయ్యా, చిన్న పొరపాటు జరిగిందండి," అంది వీరవేణి మర్యాదగానే. "మాది మేకల్లంక. తమరు చిలకల్లంక అని రాశారు. ఆ ఒక్క ముక్కా కొట్టేసి మళ్ళీ రాస్తే మా బియ్యం మాకొస్తాయి."

"అమ్మా, తొమ్మిదో నియమం. కనుగొన్నవారు పెట్టిన పేరే పేరు. సవరణకు అవకాశం లేదు."

"పేరు తప్పయినా అంతేనాండీ?"

"తప్పు అనే పదం నియమావళిలో లేదు." పీతాంబరరావు గారు లేచి కిటికీ కేసి వేలు చూపించారు. "ఆ మహానుభావుడు ఇండియాకని బయల్దేరాడు. ఎక్కడో దిగాడు. దిగిన చోటే ఇండియా అన్నాడు. కాదు బాబూ అని ఎవరు చెప్పినా వినలేదు. చచ్చేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. ఐదు వందల ఏళ్ళు దాటింది. అక్కడి జనాన్ని ఇప్పటికీ ఇండియన్లు అనేవాళ్ళున్నారు! అమ్మా, అదీ ఆర్డరంటే. మన ఆర్డర్లు ఆర్నెల్లు నిలబడవు."

"మరి అసలు ఇండియాలో ఉన్నోళ్ళ సంగతో?" అన్నాడు అబ్బులు.

"వాళ్ళు సర్దుకున్నారు," అన్నారు పీతాంబరరావు గారు. "మీరూ సర్దుకోవాలి."

సర్దుకునేలోపే ఇంకో పిడుగు పడింది. కాయితాల ప్రకారం నలభై కుటుంబాలు చిలకల్లంకలో దొరికాయి. ఒక మనిషి రెండు చోట్ల ఉండడు. కాబట్టి ఆ నలభై కుటుంబాలు మేకల్లంకలో లేవు. కాబట్టి మేకల్లంక ఖాళీ. ఖాళీగా ఉన్న ప్రభుత్వ లంకలో ఏం కట్టాలి? మండలి కూచుని ఏకగ్రీవంగా తేల్చింది. అన్వేషణకి గుర్తుగా మూడంతస్తుల సిమెంటు ఓడ కట్టాలి. ఓడలో హోటలు. హోటల్లో చల్లటి గదులు. ఓడ ముక్కు వీరవేణి చేలోకి వస్తుంది. లంకంతా కొలిపించి చుట్టూ ముళ్ళతీగ లాగించి, గేటుకి తాళం వేసి, కాపలావాణ్ణి పెట్టారు. ఇళ్ళ వరకూ ఉండొచ్చు, చేలల్లోకి అడుగు పెట్టకూడదు. మార్చి ఆఖరుకి ఇళ్ళు కూడా వదిలి చిలకల్లంక ద్వీపవాసులు తమ స్వస్థలానికి చేరుకోవలెను.

అప్పటికి ఆకు పక్వానికి వచ్చేసింది. ముళ్ళతీగ అవతల పచ్చగా, బరువుగా, ఒంగిపోయి ఉంది. కోసి పందిట్లో ఆరగట్టకపోతే చేలోనే మాడిపోతుంది. వీరవేణి రోజూ పొద్దున్నే వెళ్ళి తీగ పట్టుకుని నిలబడేది. తన చేలోకి తను వెళ్ళడానికి లేదు! కాపలావాడు కూడా ఆ పక్క ఊరివాడే, మొహం చూడలేక అటు తిరిగి కూచునేవాడు.

"స్వస్థలం ఎలా ఉంటుందో ఒకసారి మాకు చూపించండి," అని వీరవేణి మండలికి వెళ్ళి దెబ్బలాడింది. పీతాంబరరావు గారు ఉదారంగా ఒప్పుకున్నారు. స్వస్థల దర్శన యాత్ర అని పేరు పెట్టి, లాంచీలో వీరవేణినీ అబ్బుల్నీ ఎక్కించుకుని స్వయంగా బయల్దేరారు. నూకరాజు ఈసారి ఎడమకి తిప్పి, నీళ్ళ మధ్య ఆపేశాడు.

"ఏదీ?" అన్నారు పీతాంబరరావు గారు.

"మన కిందేనండి. పోటు మీదుంది."

పీతాంబరరావు గారు నీళ్ళలోకి తొంగి చూశారు. ఆయన తెల్లబోలేదు. అలా తెల్లబోయేవాడైతే ఆ కుర్చీలో కూచునేవాడే కాదు. "ఆక్రమణ," అన్నారు.

"ఎవరిదండీ?"

"నదిది. ప్రభుత్వ భూమిని అనధికారికంగా కప్పివేసింది. తహసీల్దారు గారికి రాసి నోటీసు ఇప్పిస్తాం. ఏడు రోజుల్లో ఖాళీ చేయాలి."

గుమాస్తా చేత అక్కడే నోటీసు రాయించి, పెద్దగా చదివించి, కాయితాన్ని నీళ్ళలో వదిలారు. అందరూ తెచ్చుకున్న పులిహోర తిన్నారు. తినేసరికి పోటు తీయడం మొదలై, మెల్లిగా ఇసుక వీపు పైకి తేలింది.

"చూశారా!" అని పీతాంబరరావు గారు పొంగిపోయారు. "ప్రభుత్వమంటే భయం. ఏడు రోజులక్కర్లేదు, గంటల్లో ఖాళీ చేసింది."

సాయంత్రానికి మళ్ళీ నీళ్ళొచ్చేశాయి.

"ఇప్పుడేమంటారండీ?" అంది వీరవేణి.

"కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకున్నట్టుంది," అన్నారాయన దిగులుగా.

వీరవేణి నవ్వలేదు. ఆ నీళ్ళకేసి చూస్తుంటే ఆవిడకి భయమేసింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి పిచ్చివాడనుకుంది. పిచ్చివాడైతే ఎవరో ఒకరు పట్టుకుని ఆపుతారు. ఈయన్ని ఎవరూ ఆపడం లేదు. ఈయన వెనక సంతకాలున్నాయి, ముద్రలున్నాయి. తనని నిజంగానే తీసుకొచ్చి ఈ నీళ్ళలో దింపేస్తారు. దింపి ఫొటో కూడా తీస్తారు.

కలెక్టరు గారికి అర్జీ పెడదామనుకున్నారు. పాత రేషను కార్డు నకళ్ళ మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలన్నారు. ఆ మండలంలో ఎవరికి ఆ సంతకం కావాలన్నా వెళ్ళేది పశువుల డాక్టరు ఇమ్మానుయేలు దగ్గరికే. కుర్రవాడు, మెత్తటివాడు, కాదనలేడు. గేదెకి సూదేసి చెయ్యి కడుక్కుని, పచ్చసిరా కలం తీసి, వీరవేణి కాయితాల మీద టపటపా సంతకాలు పెట్టి ముద్ర కొట్టాడు.

అబ్బులు ఆ ముద్ర కేసి చూసి, "ఏమే, ఈ బాబూ గెజిటెడేనంట. ఆ పీతాంబరరావూ గెజిటెడేనంట. ఇద్దరూ ఒకటేనంటావా?" అన్నాడు. అబ్బులు ఏదీ ఆలోచించి అడిగే మనిషి కాదు.

వీరవేణి కాయితాలు సంచిలో పెడుతూ ఆగిపోయింది. మొగుడి మొహంలోకి చూసింది. తరవాత డాక్టరు మొహంలోకి చూసింది. ఆ చూపు డాక్టరుకి నచ్చలేదు.

"డాక్టరు బాబూ, తమరు రేపు మా మేకలకి టీకాలెయ్యడానికి రావాలి కదండీ?"

"అవునమ్మా, రావాలి."

"వచ్చి, టీకాలేసి, మా లంకని కూడా కనిపెట్టేసి వెళ్ళండి."

ఇమ్మానుయేలుకి అర్థమవడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక నుదుట చెమట పట్టింది. "నేను పశువుల డాక్టర్నమ్మా! అన్వేషకుణ్ణి కాదు."

"ఆయన మాత్రం కడుపులోంచి అన్వేషకుడిగానే ఊడిపడ్డాడా? గెజిటెడ్ అయితే చాలని వాళ్ళ ఆఫీసు గోడకి అంటించిన నియమావళిలో రాసుంది. ఏ శాఖో రాయలేదు. కాయితాల్లో ఇప్పుడు మేకల్లంక ఎవరికీ దొరక్కుండా ఉత్తినే పడుంది. తమరొచ్చి కాలు పెట్టండి. మేకల్లంక అనే పేరు పెట్టండి. అందులో మేమున్నామని రాయండి. అంతే బాబూ. ఆకు చేలో మాడిపోతంది, మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆవిడ నిజంగానే ఒంగింది. పాపం ఇమ్మానుయేలు బల్ల వెనక్కి గెంతాడు. ఆ తరవాత కాదనే ఓపిక అతనికి లేకపోయింది.

మర్నాడు మేకల్లంక రెండోసారి దొరికింది. ఈ మాటు పూలదండలూ లేవు, మంచూ లేదు. డాక్టరు అబ్బులు పడవలోంచి దిగుతూ ముందు కుడికాలే పెట్టాడు, ఎడమకాలు బురదలో కూరుకుపోయింది. జెండా లేదు కాబట్టి "పశు ఆరోగ్య శిబిరం" అని రాసున్న గుడ్డని కర్రకి కట్టి పాతారు. లంకంతా వచ్చి చుట్టూ నిలబడింది. డాక్టరు కాయితంలోంచి తలెత్తకుండా చదవడం మొదలెట్టాడు. ప్రకటన రెండోసారి చదువుతుంటే మేకలకి టీకా సంగతి గుర్తొచ్చి కకావికలై పారిపోయాయి, కుర్రాళ్ళు వాటివెంట పరిగెత్తారు. మూడోసారి అందరూ కలిసి గట్టిగా చదివారు.

డాక్టరు నివేదిక చేరి వారం తిరక్కుండా మండలి నుంచి పిలుపొచ్చింది. డాక్టరు, వీరవేణి, అబ్బులు ముగ్గురూ వెళ్ళారు. పీతాంబరరావు గారు మండిపడుతున్నారు.

"ఇదేం అన్వేషణ? ఇది అపహాస్యం! మేకకి సూది పొడిచేవాడు ఖండాలు కనిపెడతాడా?"

డాక్టరు నేల చూపులు చూస్తున్నాడు. వీరవేణే నోరు విప్పింది. "గెజిటెడేనా కాదా అండీ?"

"గెజిటెడే, కానీ..."

"కాలు పెట్టాడా? జెండా పాతాడా? మూడుసార్లు చదివాడా? ఇది చెల్లకపోతే తమరిదీ చెల్లదు. అదీ ఇలాగే కదండీ దొరికింది."

పీతాంబరరావు గారు నియమావళి తిరగేశారు. ముందుకి తిరగేశారు, వెనక్కి తిరగేశారు. మెల్లిమెల్లిగా ఆయన మొహం మారింది. ఆయన మండలికి అధిపతి. ఏ అన్వేషణ జరిగినా ఆయన హయాంలో జరిగినట్టే. "ఒకే ఋతువులో రెండు ద్వీపాలు," అని గొణుక్కున్నారు. "ఒకే జిల్లాలో! స్పెయిన్ వారికి ఒక ప్రతి పంపాలి." లేచి డాక్టరు చెయ్యి పట్టుకుని ఊపేశారు. "అంగీకరించడమైనది!"

వీరవేణికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. అబ్బులు చుట్ట తీయబోయి, ఎక్కడున్నాడో గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"అయితే పద్నాలుగో నియమం ఉంది," అన్నారు పీతాంబరరావు గారు. "దొరికిన చోట దొరికిన సమస్త ప్రాణులూ కనుగొన్న అధికారి శాఖకు చెందును. మేకల్లంకను కనుగొన్నది పశుసంవర్ధక శాఖ. కావున నేటి నుండి మీరందరూ ఆ శాఖ పరిధిలోకి వచ్చుచున్నారు."

"అంటే ఏంటండీ?"

డాక్టరు మొహం పాలిపోయింది. "అమ్మా, మా శాఖలో మనుషుల్ని ఎక్కించే పద్ధతి లేదు. పశువులనే ఎక్కించాలి."

అబ్బులు లేచి నిలబడ్డాడు. "ఏంటండీ, మేము గొడ్లమా?"

"పరిపాలనాపరంగా మాత్రమే," అన్నారు పీతాంబరరావు గారు ఓదార్పుగా. "భోజనం మామూలుగానే చేయవచ్చు."

వీరవేణికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. కోపంతోనో, సిగ్గుతోనో ఆవిడకే తెలియలేదు. ఎవరో పరాయివాడు చేలో బూట్లతో దిగి నువ్వు నేడు దొరికావన్నాడు. పేరు మార్చాడు, ఊరు మార్చాడు, గేటుకి తాళం వేశాడు. ఇప్పుడు మనిషివే కాదంటున్నాడు. కుర్చీ ఎత్తి ఆయన వేలి మీద పడేద్దామనిపించింది. అయినా మనసులో ఆకు కనపడుతోంది. ఇంకో వారం ఆగితే మాడిపోతుంది. పళ్ళు బిగబట్టి అడిగింది. "మరి సిమెంటు ఓడో? కంచో?"

పీతాంబరరావు గారు బాధగా తల అడ్డంగా ఊపారు. "వీలుపడదు. మేత నేల నుండి పశువును తోలివేయరాదని వారి శాఖ నిబంధన. చాలా కఠినమైనది. కంచె కూడా తీసివేయవలసి వస్తుంది. మూగజీవాల విషయంలో ప్రభుత్వం రాజీ పడదమ్మా."

డాక్టరు చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"వద్దే వీరవేణీ," అన్నాడు అబ్బులు. "మనం మనుషులం కదే."

"మనుషులుగా ఉండి చూశాం కదయ్యా ఇన్నాళ్ళూ," అంది వీరవేణి. "మన చేలోకి మనల్ని రానిచ్చారా?"

రెండు రోజుల్లో కంచె ఊడింది. ఆ వెనకే డాక్టరు ఇమ్మానుయేలు పెట్టె పట్టుకుని లంకకి వచ్చాడు. పెట్టె నిండా పసుప్పచ్చ ప్లాస్టిక్ బిళ్ళలు, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. గేదెల చెవులకి కుట్టేవే అవి. లంకవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకోకుండా వరసలో నిలబడ్డారు. ముందు వీరవేణి నిలబడింది. చేతిలో అప్పటికే కొడవలి ఉంది.

"చెవికి వద్దులెండమ్మా," అన్నాడు డాక్టరు తల దించుకుని. "దారం కట్టి మెళ్ళో వేసుకోండి. ఎవరైనా అడిగితే చూపించండి. నన్ను క్షమించండి."

"మీరేం చేస్తారు బాబూ. రాసుకోండి తొందరగా, ఎండెక్కుతోంది."

డాక్టరు కాయితం తీశాడు. పశువు పేరు అన్నచోట నేలపూడి వీరవేణి అని రాశాడు. వయసు రాశాడు. రంగు చామనచాయ అని రాశాడు. తరవాత కలం ఆగిపోయింది.

"ఏంటి బాబూ, ఆగిపోయారు?"

"ఇక్కడ యజమాని పేరు రాయాలమ్మా. యజమాని లేకుండా కాయితం చెల్లదు. ఎవరి పేరు రాయమంటారు?"

వీరవేణి కొడవలి చంకలో పెట్టుకుని ఆలోచించింది. మండలి గురించి ఆలోచించింది, ప్రభుత్వం గురించి ఆలోచించింది, వెనకాల నిలబడ్డ మొగుడి కేసి ఒకసారి తిరిగి చూసింది.

"నేలపూడి వీరవేణి అని రాయండి," అంది.

డాక్టరు తలెత్తి చూశాడు. ఆవిడ నవ్వడం లేదు. అతను రాసి, పచ్చసిరాతో సంతకం పెట్టి, ముద్ర కొట్టాడు.

"మరి నాకో?" అన్నాడు అబ్బులు వెనక నుంచి.

"నీకూ నా పేరే రాయిస్తాలే, పద," అని వీరవేణి బిళ్ళ మెళ్ళో వేసుకుని ఆకు కోయడానికి చేలోకి దిగింది.